అక్కకు 86 కిలోలు: ఇంజెక్షనా, ఆపరేషనా, తిండి మార్చుడా? (దేవరకొండ)

సాగర్_ఎడమకాల్వ · సోమవారం, రాత్రి 8:52
అందరికి నమస్తే. మా అక్క గురించి అడుగుతున్న. వయసు 42, ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు, నడుము 104 సెంటీమీటర్లు. ఆరేండ్ల నుంచి షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్ 1000 రెండు పూటల, గ్లిమిపిరైడ్ 2 పొద్దుగాల వేసుకుంటది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 8.4 వచ్చింది. మోకాళ్ల నొప్పులు, రాత్రి గురక. ఒకరేమో వారానికో ఇంజెక్షన్ అంటున్నరు, ఒకరు కడుపు ఆపరేషన్ అంటున్నరు, ఇంకొకరు పౌడర్ డబ్బాలు అమ్మజూపుతున్నరు. ఏది ముందు, ఏది తర్వాత? తెలిసినోళ్లు జెర లెక్కలతోటి చెప్పండి.

పాలమూరు_ఫిజీషియన్ · రాత్రి 9:20
బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ వస్తుంది. 86ను 1.54తో రెండుసార్లు భాగిస్తే 36.3. మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని లెక్క. పాశ్చాత్య దేశాల్లో ఆ గీత 30 దగ్గర ఉంది. మనవాళ్లకు తక్కువ బరువులోనే పొట్ట లోపల, కాలేయం చుట్టూ కొవ్వు చేరి షుగర్ మొదలవుతుంది కాబట్టి గీత కిందికి తెచ్చారు. నడుము చుట్టుకొలత ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు సరిగ్గా మధ్యన, ఊపిరి వదిలాక టేపు పెట్టి కొలవాలి. చీర కట్టు మీద కొలిస్తే లెక్క తప్పుతుంది.

చికిత్స ఎంచుకునే ముందు తేల్చాల్సినవి ఉన్నాయి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), కాలేయ పరీక్షలు, కొవ్వుల పరీక్ష, కంటి వెనుక రెటీనా పరీక్ష. గురకతో పాటు పగలు కునుకు పడుతుంటే స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) పరీక్ష. థైరాయిడ్ తక్కువైతే పెరిగే బరువు మామూలుగా కొద్ది కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం నీరు, ఉప్పు. 86 కిలోలను థైరాయిడ్ మీదికి నెట్టేయలేం.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: మోకాళ్ల నొప్పులకు ఏం మింగుతున్నారు? పట్టీ మీద పేరు చూసి రాయండి.

రాచకొండ_గుట్ట · రాత్రి 9:41
తిండి తగ్గించి నాలుగు అడుగులు నడిస్తే బరువు దిగదా? మందులు, కత్తులు దాకా ఎందుకు పోవాలె?

జొన్నచేను (పోషకాహారం) · రాత్రి 10:05
దిగుతుంది అన్నా, కానీ ఎంత దిగుతుంది, ఎంతకాలం నిలుస్తుంది అన్నది చూడాలి. తిండి, నడక సరిగ్గా పాటించిన చాలామందిలో ఏడాదికి 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. ఈ అక్కకు అది 4 నుంచి 6 కిలోలు. ఆ మాత్రానికే బీపీ, షుగర్, కాలేయ కొవ్వు మెరుగవుతాయి, కాబట్టి అది చిన్న సంగతి కాదు. బరువు దిగినకొద్దీ ఆకలి పెంచే గ్రెలిన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ పడిపోతుంది, ఒళ్లు ఖర్చు చేసే శక్తి కూడా తగ్గుతుంది. పాత బరువుకే ఒళ్లు గుంజుతుంటుంది. దాన్ని మనిషి బద్ధకం అనడం అన్యాయం. అలా అని తిండి లెక్కను వదిలేసి సూది వేసుకున్నా, ఆపరేషన్ చేయించుకున్నా కండ కరిగిపోతుంది. ఏ దారి పట్టినా తిండి లెక్క తప్పదు. రేపు వివరంగా రాస్తాను.

సాగర్_ఎడమకాల్వ · మంగళవారం, ఉదయం 7:15
ఫిజీషియన్ సార్, పట్టీ చూసిన. ఊళ్లె ఆర్ఎంపీ ఇచ్చిన చిన్న గోళీలు. బీటామెథాసోన్ 0.5 అని ఉన్నది. పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి. ఎనిమిది నెలలైతున్నది. ఇంకో పట్టీ డైక్లోఫెనాక్.

పాలమూరు_ఫిజీషియన్ · ఉదయం 7:48
ఇప్పుడు మొత్తం వరుసే మారింది. బీటామెథాసోన్ స్టెరాయిడ్. 0.6 మి.గ్రా. బీటామెథాసోన్ 5 మి.గ్రా. ప్రెడ్నిసలోన్‌తో సమానం. రోజుకు 1 మి.గ్రా. అంటే ప్రెడ్నిసలోన్ 8 మి.గ్రా. పైనే. ఎనిమిది నెలలు అంత మోతాదు వాడితే ఆకలి, పొట్ట, మొహం, షుగర్, బీపీ అన్నీ పెరుగుతాయి. తొడ కండరాలు పలచబడి మోకాలు ఇంకా బలహీనమవుతుంది. నొప్పికి వేసిన గోళీయే నొప్పిని పెంచుతుంది.

రేపటి నుంచి ఆపేయొద్దు. ఇన్ని నెలలు బయటి నుంచి స్టెరాయిడ్ అందితే ఒంట్లో సహజ స్టెరాయిడ్ (కార్టిసాల్) తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తమ పని మానేసి ఉంటాయి. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోవడం, వాంతులు, షుగర్ బాగా తగ్గడం, స్పృహ తప్పడం జరగొచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టర్ చూసి వారాల వారీగా తగ్గిస్తారు. తగ్గించాక ఉదయం 8 గంటలకు కార్టిసాల్ రక్తపరీక్ష చేసి, గ్రంథి లేచిందో లేదో చూసి పూర్తిగా ఆపుతారు. ఈలోగా జ్వరం, వాంతులు వస్తే మోతాదు పెంచాల్సి వస్తుంది. అందుకని "స్టెరాయిడ్ వాడుతున్నాను" అని రాసిన చీటీ అక్క దగ్గర ఎప్పుడూ ఉండాలి.

డైక్లోఫెనాక్ కూడా క్రియాటినిన్ చూడకుండా రోజూ వద్దు. నల్లగొండ మెడికల్ కాలేజీ ఆసుపత్రి జనరల్ మెడిసిన్ ఓపీకి పట్టీలన్నీ సంచిలో వేసుకుని పోండి. పేర్లు నోటితో చెబితే చాలదు.

నర్సక్క_కల్వకుర్తి · ఉదయం 8:30
ఇంకొకటి అడగాలె, తమ్ముడూ, తప్పుగ అనుకోకు. ఇంట్ల రోజూ కల్లు తాగే అలవాటు ఉన్నదా? మన పాలమూరు, నల్లగొండ దిక్కు కల్తీకల్లుల అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కేసులు ఎన్నో బయటవడ్డయి. అట్లాంటి కల్లుకు అలవాటు పడ్డోళ్లు బరువు తగ్గుతమని ఒక్కరోజుల మానేస్తే చేతులు వణుకుడు, నిద్ర పట్టకపోవుడు, ఫిట్స్, లేనిది కనవడుడు మొదలైతది. ఆపరేషన్‌కు ముందు దాచిపెడితే ఆసుపత్రిల రెండో రోజో మూడో రోజో బయటపడి పెద్ద ఆపద అయితది. డాక్టర్‌కు ముందే చెప్పాలె, మెల్లగ తగ్గించాలె. ఆడోళ్లకు ఈ సంగతి నలుగురిల చెప్పుడు సిగ్గయితది కాబట్టి పక్కకు పిలిచి అడుగు.

సాగర్_ఎడమకాల్వ · ఉదయం 9:02
అక్క తాగదు నర్సక్కా. బావకు అలవాటు ఉన్నది. ఆయనకూ బరువుంది, గందుకని ఈ మాట అక్కరకొచ్చింది.

జొన్నచేను · మంగళవారం, మధ్యాహ్నం 1:30
తిండి లెక్క ఇది. ఈ ఎత్తు, బరువు, వయసుకు ఇంటిపని మాత్రమే చేసే మనిషికి రోజుకు సుమారు 2000 కేలరీలు ఖర్చవుతాయి. 1400 దగ్గర పెట్టుకుంటే నెలకు రెండు కిలోలు దిగొచ్చు. 1000కి దిగగొట్టొద్దు, కండ పోతుంది, జుట్టు రాలుతుంది, పిత్తాశయంలో రాళ్లు పడతాయి. క్రియాటినిన్ బాగుంటే ప్రొటీన్ 65 నుంచి 70 గ్రాములు ఉండాలి.

పొద్దున: రెండు ఉడికిన గుడ్లు, 40 గ్రాముల పిండితో ఒక జొన్నరొట్టె, కూర.
మధ్యాహ్నం: 60 గ్రాముల బియ్యంతో అన్నం, 40 గ్రాముల కందిపప్పుతో గట్టి పప్పు, ఆ రెండూ కలిపినంత కూరగాయలు, 150 గ్రాముల పెరుగు.
సాయంత్రం: 30 గ్రాముల శనగలతో గుగ్గిళ్లు, పల్చటి చల్ల.
రాత్రి: ఒక జొన్నరొట్టె, తోలు తీసిన కోడి మాంసం 100 గ్రాములు (పచ్చిగా తూచాలి), ఆకుకూర. మాంసం తినని రోజు 30 గ్రాముల సోయా ముక్కలు.

ఇక్కడ ఎక్కువగా తప్పేది రెండు చోట్ల. మొదటిది నూనె. ఒక టీ చెంచా 45 కేలరీలు. తాలింపులో గిన్నె నుంచి వంపితే ఎంత పడిందో తెలియదు. నలుగురి ఇంట్లో నెలకు రెండు లీటర్లు పక్కన పెట్టుకుని, నెలాఖరు దాకా అదే వాడండి. మనిషికి రోజుకు 16, 17 మిల్లీలీటర్లు పడుతుంది. రెండోది జొన్నరొట్టె. జొన్న మంచిదే, అయినా 40 గ్రాముల పిండిలో 140 కేలరీలు ఉంటాయి. నాలుగు రొట్టెలు తింటే 560. "జొన్న తింటే బరువు తగ్గుతది" అని నాలుగేసి తినడం చాలా ఇళ్లలో జరుగుతుంది. అంబలి, గట్క కూడా అంతే, ఎంత పిండి పోశామన్నదే లెక్క.

చక్కెర రెండు చెంచాలు వేసిన చాయ్ రోజుకు మూడుసార్లంటే, చక్కెర ఒక్కటే 120 కేలరీలు. దావత్‌లో మటన్, పెరుగుచట్నీ ముందు తిని, బగారా ఒక గరిటె చివర్న పెట్టుకుంటే చాలు, పెండ్లికి పోవద్దని చెప్పను.

పౌడర్ డబ్బాలా? భోజనానికి బదులు తాగే పొడుల్లో పని చేసేది తక్కువ కేలరీలు, ఎక్కువ ప్రొటీన్. అదే పని పై గుడ్లు, పప్పు చేస్తాయి. లోపల ఏముందో సరిగ్గా రాయని డబ్బా షుగర్ మందులు వాడే మనిషికి అసలే వద్దు.

పాలమూరు_ఫిజీషియన్ · మధ్యాహ్నం 2:10
దీనికి ఒక హెచ్చరిక చేర్చాలి. తిండి తగ్గించిన రోజునే గ్లిమిపిరైడ్ మోతాదు గురించి డాక్టర్‌ను అడగాలి. స్టెరాయిడ్ దిగుతున్నకొద్దీ షుగర్ కూడా దిగుతుంది, గ్లిమిపిరైడ్ అలాగే ఉంటే పొద్దున 11 గంటలకు చెమటలు, దడ, వణుకు వస్తాయి. షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి (షుగర్‌ను మూత్రంలో బయటికి పంపే) మందులు వాడేవాళ్లు అన్నం, రొట్టె పూర్తిగా మానేసే పద్ధతుల జోలికి పోవద్దు. షుగర్ మామూలుగా ఉన్నట్టే కనిపిస్తూ కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పెరగడం) వచ్చే ప్రమాదం ఉంది.

ఫిజియో_మర్రిగూడ · మంగళవారం, సాయంత్రం 6:40
మోకాళ్ల గురించి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, దేవరకొండ అంటే ఫ్లోరైడ్ నేల. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లు తాగినవాళ్లలో వెన్ను, కీళ్లు బిగుసుకుపోతాయి. అది ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎముకల్లో చేరే జబ్బు) అయితే బరువు తగ్గినా ఆ బిగుసు పోదు. మోకాలి మీద పడే భారం మాత్రం తగ్గుతుంది. ముంజేయి, తుంటి ఎక్స్‌రే ఒకటి తీయిస్తే తేడా తెలుస్తుంది. ఈ ప్రాంతంలో బ్లాక్ టీ, నల్ల ఉప్పు రెండూ మానాలి, రెండింటిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. బరువు తగ్గాలని పాలు తీసేసి బ్లాక్ టీకి మారే అలవాటు ఇక్కడ ప్రత్యేకంగా చెడు చేస్తుంది, పాల కాల్షియం పోతుంది, ఫ్లోరైడ్ వస్తుంది.

మొదటి ఆరు వారాలు నడక మీద పట్టుబట్టొద్దు. చేయాల్సినవి ఇవి. పడుకుని మోకాలు వంచకుండా కాలు జానెడు ఎత్తు లేపి 5 సెకన్లు ఆపాలి, ఒక్కో కాలికి 10 సార్లు, రోజుకు మూడు విడతలు. గట్టి కుర్చీలోంచి చేతులు పెట్టకుండా లేచి కూర్చోవాలి, 8 సార్లు, రెండు విడతలు. లేవలేకపోతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి. గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి లేవడం 10 సార్లు. చేతుల్లో లీటరు నీళ్ల సీసాలు పట్టుకుని భుజాల పైకి ఎత్తడం 10 సార్లు. తర్వాత నడక 10 నిమిషాలు, భోజనం అయిన అరగంటకు, మూడు పూటలా. వారానికి 150 నిమిషాలు ఆ విధంగా నిండుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం 7 దాటాక బయట వద్దు. వ్యాయామం తర్వాత పెరిగిన నొప్పి రెండు గంటల్లో పాత స్థాయికి రాకపోతే మరునాడు సగానికి తగ్గించండి.

మందులషాపు_మిర్యాలగూడ · మంగళవారం, రాత్రి 9:15
ఇంజెక్షన్ల వంతు. ఇవి ఆకలి తగ్గించే మందులు. టిర్జెపటైడ్ మన దేశంలోకి 2025 మార్చిలో మౌంజారో పేరుతో, సెమాగ్లూటైడ్ బరువు మోతాదు 2025 జూన్‌లో వెగోవీ పేరుతో వచ్చాయి. మౌంజారో విడుదలైనప్పుడు 2.5 మి.గ్రా. సీసా 3,500, 5 మి.గ్రా. 4,375 రూపాయలు, వారానికి ఒకటి. సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు 2026 మార్చి దాకానే కాబట్టి కొనే ముందు వేరే కంపెనీల ధరలూ అడగండి.

సెమాగ్లూటైడ్ వారానికి 0.25 మి.గ్రా.తో మొదలు. నాలుగేసి వారాలకు 0.5, 1, 1.7, 2.4. టిర్జెపటైడ్ 2.5 నాలుగు వారాలు, ఆ తర్వాత 5, అవసరమైతే నాలుగు వారాలకు 2.5 చొప్పున 15 దాకా. త్వరగా తగ్గాలని మెట్లు దాటిస్తే వాంతులతో ఆసుపత్రి పాలవుతారు.

వేసే తీరు: బొడ్డుకు రెండు అంగుళాల దూరంలో పొట్ట, లేదా తొడ. ప్రతివారం చోటు మార్చాలి, సూది కొత్తది వాడాలి. మౌంజారో సీసాలో ఉండే 0.5 మి.లీ. మొత్తం ఒకే మోతాదు, 100 యూనిట్ల ఇన్సులిన్ సిరంజితో 50 గీత దాకా వస్తుంది. పెద్ద మోతాదు సీసా కొని ఇద్దరు పంచుకోవడం, సగం దాచుకోవడం చేయొద్దు. ఒక్కసారికే తయారైన సీసా అది, సూది గుచ్చాక క్రిములు చేరితే ఆపేదేమీ లేదు.

ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీలు. డీప్ ఫ్రీజర్ కింద, గోడకు ఆనించి పెడితే గడ్డకడుతుంది. గడ్డకట్టింది కరిగినా పారేయాల్సిందే. బయట 30 డిగ్రీలు దాటొద్దు, ఎన్ని రోజులన్నది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి డబ్బాలోని కాగితం చదవండి. నల్లగొండ ఎండలో బస్సు కిటికీ పక్కన సంచిలో పెట్టుకొస్తే మందు చెడిపోయినట్టే. ఐస్ జెల్ సంచిలో, మధ్యలో తువ్వాల చుట్టి తేవాలి, ఐసు నేరుగా తగలకూడదు.

పాలమూరు_ఫిజీషియన్ · రాత్రి 9:50
షాపాయన చెప్పింది సరైనదే. ఎవరికి వద్దో నేను రాస్తాను. మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ తనకు గానీ రక్తసంబంధీకులకు గానీ ఉంటే వద్దు. క్లోమం వాపు వచ్చినవాళ్లు ముందే చెప్పాలి. గర్భం కోరుకునేవాళ్లు సెమాగ్లూటైడ్‌ను రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ మొదలుపెట్టినప్పుడు, మోతాదు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు గర్భనిరోధక మాత్రలను మాత్రమే నమ్ముకోవద్దు. షుగర్ రెటీనాను దెబ్బతీసి ఉంటే, షుగర్ వేగంగా దిగినప్పుడు కన్ను ఇంకా పాడవ్వొచ్చు. అందుకే రెటీనా పరీక్ష ముందు అడిగాను.

ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా చెప్పాలి. షుగర్ లేనివాళ్లలో సెమాగ్లూటైడ్ 2.4తో సగటున 15 శాతం, టిర్జెపటైడ్ 15తో 21 శాతం దాకా తగ్గారు. షుగర్ ఉన్నవాళ్లలో అంత రాదు, సెమాగ్లూటైడ్‌తో పది శాతం లోపు, టిర్జెపటైడ్‌తో 13 నుంచి 15 శాతం. అక్కకు 8 నుంచి 13 కిలోలు అనుకోండి. పక్కింటామెకు 20 కిలోలు తగ్గిందని పోల్చుకుని మందు పని చేయలేదని ఆపేయొద్దు.

రాచకొండ_గుట్ట · రాత్రి 10:12
ఆపితే మళ్లీ వస్తదని అంటున్నరు కదా. అట్లాంటప్పుడు పైసలు పెట్టి ఏం లాభం?

పాలమూరు_ఫిజీషియన్ · రాత్రి 10:30
వస్తుంది. సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి చేరింది. బీపీ గోళీ ఆపితే బీపీ పెరుగుతుంది, అయినా బీపీ గోళీ దండగ అనం కదా అన్నా. ఖర్చు మాత్రం నిజమైన బాధే. మూడు నెలలకు అప్పు చేసి వేసుకుని నాలుగో నెల ఆపేయాల్సిన పరిస్థితి ఉంటే మొదలుపెట్టొద్దని నేనే చెబుతాను. కనీసం రెండేళ్ల ఖర్చు ముందే లెక్కేసుకోవాలి. ఆ లెక్క కుదరనివాళ్లకు 36 బీఎంఐ దగ్గర ఆపరేషనే తక్కువ ఖర్చు కావచ్చు.

సర్జరీవార్డు · బుధవారం, ఉదయం 6:25
ఆపరేషన్ గురించి. అంతర్జాతీయ బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్ల) సర్జన్ల సంఘాలు 2022లో గీతలు మార్చాయి. బీఎంఐ 35 దాటితే ఇతర జబ్బు ఉన్నా లేకున్నా ఆపరేషన్ సూచించవచ్చు, 30 నుంచి 35 మధ్య షుగర్ లాంటివి ఉంటే ఆలోచించవచ్చు, ఆసియా వాళ్లకు 27.5 నుంచే. అక్క ఆ పరిధిలోనే ఉంది. కానీ స్టెరాయిడ్ దిగి, కార్టిసాల్ సరైందని తేలాకే. స్టెరాయిడ్ మీద ఉన్న మనిషికి కుట్లు మానవు, మత్తు సమయంలో బీపీ పడుతుంది.

ఆపరేషన్లలో ముఖ్యమైనవి రెండు, స్లీవ్, బైపాస్. స్లీవ్‌లో కడుపు సంచిని నిలువునా కోసి 75 నుంచి 80 శాతం తీసేస్తారు. బరువులో దాదాపు 25 శాతం తగ్గుతుంది. ఛాతీ మంట, పులితేన్పులు ముందే ఉన్నవాళ్లకు అవి పెరుగుతాయి. బైపాస్‌లో కడుపును చిన్న సంచిగా చేసి పేగును దానికి కలుపుతారు. అది షుగర్ మీద బలంగా పని చేస్తుంది, ఛాతీ మంటను తగ్గిస్తుంది. దానికి బదులు విటమిన్ల లోపం ఎక్కువ, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోళీలు జన్మలో వద్దు, కలిపిన చోట పుండు పడుతుంది. రోజూ డైక్లోఫెనాక్ మింగే మనిషికి ఇది పెద్ద మాట.

రెండు వారాల ముందు నుంచి తక్కువ పిండి, తక్కువ కొవ్వు తిండి పెడతారు. అది కాలేయాన్ని కుదించడానికి, లేకపోతే కెమెరా కింద కడుపు కనపడదు. తర్వాత మొదటి రెండు వారాలు ద్రవాలే, మూడు నాలుగు వారాలు మెత్తగా రుబ్బినవి, ఆరు వారాల తర్వాత మామూలు తిండి చిన్న ముద్దలుగా. నీళ్లు భోజనంతో కాదు, అరగంట ఎడంగా. మనవాళ్లు చారుతో అన్నం జారవిడుస్తారు, అది కడుపు నిండిన కబురు అందకుండా చేస్తుంది, బరువు తిరిగొచ్చే దారి అదే.

ప్రమాద సూచనలు: మొదటి పది రోజుల్లో నాడి నిమిషానికి 120 దాటడం, ఎడమ భుజం నొప్పి, జ్వరం. కుట్టు దగ్గర లీకై ఉండొచ్చు, వెంటనే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే పోవాలి. ఊళ్లో సెలైన్ ఎక్కించి చూద్దామనుకుంటే ఆలస్యమైపోతుంది. వాంతులు రోజులు రోజులు ఆగకపోతే థయామిన్ (విటమిన్ బీ1) ముందు ఇచ్చాకే గ్లూకోజ్ ఎక్కించాలి. వరుస తారుమారైతే మెదడు దెబ్బతింటుంది. ఈ ఒక్క వాక్యం కాగితం మీద రాసి ఇంట్లో గోడకు అంటించండి.

జీవితాంతం: కాల్షియం సిట్రేట్ రోజుకు 1200 నుంచి 1500 మి.గ్రా. విడతలుగా, ఐరన్ దానికి రెండు గంటల ఎడంగా, బీ12, విటమిన్ డీ. రక్తపరీక్షలు 3, 6, 12 నెలలకు, తర్వాత ఏటా. గర్భం 12 నుంచి 18 నెలలు వద్దు.

ఫిజియో_మర్రిగూడ · ఉదయం 7:05
సర్జన్ గారూ, ఒక మాట. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లలో ఎముక సాంద్రత పరీక్ష ఎక్కువ అంకె చూపిస్తుంది, ఎముక మాత్రం పెళుసుగా ఉంటుంది. "సాంద్రత బాగుంది" అని కాల్షియం ఆపేయొద్దని రిపోర్టు మీద రాయించండి.

సర్జరీవార్డు · ఉదయం 7:22
చాలా సరైన మాట. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఏ ఊరి బోరు నీళ్లు తాగి పెరిగారో అడగాల్సిన కారణం అదే. ఫ్లోరోసిస్ తేలితే బైపాస్ కంటే స్లీవ్ వైపే మొగ్గుతాను, కాల్షియం పీల్చుకోవడం అంతగా దెబ్బతినదు.

సాగర్_ఎడమకాల్వ · ఉదయం 8:10
అందరికి దండాలు. శుక్రవారం నల్లగొండ పోతున్నం. స్టెరాయిడ్ తగ్గించుడు ముందు, ఇంజెక్షనా ఆపరేషనా అన్నది తర్వాత అని అర్థమైంది. ఓపీల ఏమేం తీస్కపోవాలె?

నర్సక్క_కల్వకుర్తి · ఉదయం 8:35
గోళీల పట్టీలు అన్ని, ఖాళీవి గూడ. మూడు రోజులు రాసిన షుగర్: పరగడుపున ఒకసారి, మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు ఒకసారి. పాత హెచ్‌బీఏ1సీ కాగితాలు. మూడు రోజులు ఏం తిన్నది, చాయ్ ఎన్నిసార్లు, నూనె ప్యాకెట్ ఎన్ని రోజులకు అయిపోతది, ఒక కాగితం మీద. నిద్రల గురక ఆగి ఊపిరి బిగవట్టినట్టు అయితదా అన్నది పక్కన పడుకునేటోళ్లను అడిగి రాయి. పరగడుపు పరీక్షలకని గ్లిమిపిరైడ్ వేసుకొని తినకుండ బయలుదేరొద్దు, గోళీ సంచిల పెట్టుకొని నెత్తురు ఇచ్చినంక టిఫిన్‌తోటి వేస్కోవాలె. స్టెరాయిడ్ గోళీ మాత్రం ఆ రోజు గూడ తప్పొద్దు.